పట్టా తరువాత తొలి ఏడాది

విద్యకు రెండు దశలున్నాయి. శాస్త్రాన్ని గురుముఖతః అభ్యసించడం మొదటిది. అభ్యసించిన దానిని చేతితో చేసి నిరూపించగలగడం రెండవది. మొదటి దశ ముగిసినవానికి పట్టా లభిస్తుంది. రెండవ దశ ముగిసినవానికి పని అప్పగించవచ్చుననే నమ్మకం లోకంలో కలుగుతుంది. ఇంజనీరింగ్ పట్టభద్రుల జీవితంలో ఈ రెండు దశలకూ నడుమ వంతెనగా నిలిచేది శిక్షణ సంవత్సరం. దాని స్వరూప స్వభావాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోలుగుంట, నర్సీపట్నం, చోడవరం ప్రాంతాల విద్యార్థులకు చెరకు గానుగ కొత్త కాదు. గానుగాడిన రసాన్ని పెద్ద పెనంలో పోసి కాచేటప్పుడు, పొయ్యి దగ్గర నిలిచిన అనుభవజ్ఞుడు కొద్దిగా పాకాన్ని తీసి చల్లని నీటిలో వేస్తాడు. దానిని వేళ్లతో నలిపి, ఉండ కట్టే తీరును బట్టి పెనం దించవలసిన క్షణాన్ని నిర్ణయిస్తాడు. తొందరపడితే బెల్లం గట్టిపడదు. ఆలస్యం చేస్తే మాడిపోతుంది. ఆ క్షణంలో పాకం ఉష్ణోగ్రత సుమారు 115 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుందని రసాయనశాస్త్రం చెబుతుంది. ఉష్ణోగ్రత ఎంత ఉండాలో శాస్త్రం చదివినవానికి తెలుసు. పాకం ఎప్పుడు వచ్చిందో వండేవానికి తెలుసు. ఈ రెండు జ్ఞానాలూ ఒక్క మనిషిలో కలిసినప్పుడే అతడు సమర్థుడైన ఇంజనీరు అవుతాడు. శిక్షణ సంవత్సరం ఆ కలయికకు ఏర్పడిన అవకాశం.

మన దేశంలో ఇంజనీరింగ్ పట్టభద్రులకు శిక్షణ ప్రధానంగా రెండు మార్గాలలో లభిస్తున్నది. అప్రెంటిస్‌షిప్ మొదటి మార్గం. 1961లో పార్లమెంటు అప్రెంటిస్ చట్టాన్ని చేసింది. ఆరంభంలో ఇది ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియను వంటి వృత్తులకు పరిమితమై ఉండేది. 1973 నాటి సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులూ, డిప్లొమా పొందినవారూ దీని పరిధిలోకి వచ్చారు. 1986 నాటి సవరణతో ఇంటర్మీడియట్ స్థాయిలో వృత్తివిద్యా కోర్సులు చదివినవారికి కూడా ఈ అవకాశం కలిగింది. పట్టభద్రులకు శిక్షణకాలం సాధారణంగా ఒక సంవత్సరం. ఆ కాలంలో వారికి ఉపకారవేతనం లభిస్తుంది. దక్షిణాది రాష్ట్రాలలో ఈ శిక్షణను పర్యవేక్షించే ప్రాంతీయ మండలి చెన్నైలో ఉన్నది.

రెండవ మార్గం ట్రైనీ ఉద్యోగం. సంస్థ పట్టభద్రుని ఎంపిక చేసుకుని, 'గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ' లేదా 'మేనేజ్‌మెంట్ ట్రైనీ' అనే పేరుతో చేర్చుకుంటుంది. శిక్షణను సంతృప్తికరంగా పూర్తి చేసినవారిని ఉద్యోగంలో స్థిరపరుస్తుంది. అనేక ప్రభుత్వరంగ సంస్థలు ఈ ఎంపికకు 'గేట్' పరీక్షలో వచ్చిన మార్కులను ఆధారంగా తీసుకుంటున్నాయి.

ఈ రెండు మార్గాలకూ గల భేదాన్ని విద్యార్థులు స్పష్టంగా గ్రహించాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే; కార్మికుడు కాడు. శిక్షణ ముగిసిన పిమ్మట ఉద్యోగం ఇచ్చి తీరవలసిన బాధ్యత సాధారణంగా యజమానికి లేదు. అయితే ఆరోగ్యం, భద్రత, పని ప్రమాదాలలో నష్టపరిహారం అనే విషయాలలో అప్రెంటిస్‌కు చట్టరక్షణ ఉన్నది. ట్రైనీగా చేరినవానికి ఉద్యోగంపై ఆశ అధికం. కానీ కొన్ని సంస్థలు నిర్ణీతకాలం తమ వద్దనే పనిచేయాలనీ, మధ్యలో విడిచి వెళితే కొంత సొమ్ము చెల్లించాలనీ ఒప్పందపత్రం వ్రాయించుకుంటాయి. ఇంటిలో తొలిసారి ఉద్యోగస్థుడైన పిల్లవాని పక్షాన, ఆంగ్లంలో ఉన్న ఆ పత్రంపై తండ్రి హామీదారుగా సంతకం చేయవలసి రావచ్చు. చదివి, అర్థం చేసుకుని, తండ్రికి తెలుగులో వివరించిన తరువాతనే సంతకానికి సిద్ధపడడం ఆ యువకుని తొలి బాధ్యత.

శిక్షణ సంవత్సరం ఒక జీవితాన్ని ఎంతటి ఎత్తుకు చేర్చగలదో తెలియజేయడానికి అయ్యలసోమయాజుల లలితగారి చరిత్ర చక్కని నిదర్శనం. ఆమె 1919 ఆగస్టు 27న మద్రాసులో తెలుగు కుటుంబంలో జన్మించారు. పదిహేనవ ఏట వివాహమైంది. పద్దెనిమిదవ ఏట భర్తను కోల్పోయారు. అప్పటికి ఆమె కుమార్తె నాలుగు నెలల పసికందు. వైధవ్యం ప్రాప్తించిన స్త్రీని సమాజం మూలకు నెట్టే ఆ రోజులలో ఆమె తిరిగి చదువును ఆశ్రయించారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. ఆ కళాశాలలో అంతవరకు స్త్రీలకు ప్రవేశం లేదు. తండ్రి ప్రోత్సాహం, ప్రిన్సిపాల్ కె. సి. చాకో సహకారం వల్ల ఆమెకు ప్రవేశం లభించింది. అనంతరం సివిల్ ఇంజనీరింగ్‌లో పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ అనే మరి ఇద్దరు యువతులు చేరారు. పట్టాపత్రాలు పురుషులను ఉద్దేశించి అచ్చు వేసినవి కావడంతో, వాటిలోని 'అతడు' అనే పదాన్ని కొట్టివేసి 'ఆమె' అని వ్రాయవలసి వచ్చింది.

అటుపిమ్మట లలితగారు ప్రయోగశిక్షణ కోసం బీహారులోని జమాల్‌పూర్ రైల్వే కర్మాగారంలో ఒక సంవత్సరం అప్రెంటిస్‌గా పనిచేశారు. 1862లో స్థాపితమైన ఆ కర్మాగారం రైలింజన్ల నిర్మాణానికీ, మరమ్మతులకూ పేరెన్నికగన్నది. అది పురుషుల లోకం. అక్కడ ఆ ఏడాదిని పూర్తి చేసిన తరువాత ఆమె సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఉద్యోగం చేశారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరి విద్యుత్ ప్రసార మార్గాల, సబ్‌స్టేషన్ల రూపకల్పనలో నిమగ్నులయ్యారు. భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ జనరేటర్లకు సంబంధించిన పనిలోనూ పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమ్మేళనానికి హాజరయ్యారు. 1977లో పదవీ విరమణ చేసి, 1979లో కన్నుమూశారు. భారతదేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా ఆమె కీర్తి గడించారు. ఆమె సహాధ్యాయిని త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజనీరు పదవిని అలంకరించారు.

ఇక మన చెంతనే ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారాన్ని పరిశీలిద్దాం. ప్రజా ఉద్యమ ఫలితంగా సాధించుకున్న ఈ కర్మాగారానికి 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి. వి. నరసింహారావు దీనిని జాతికి అంకితం చేశారు. ఇక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకోవడం ఆ కర్మాగారంతో తెలుగువారికి గల మమకారాన్ని తెలుపుతుంది.

ఉక్కు తయారీ ఒకే విభాగంలో ముగిసేది కాదు. బొగ్గును కోక్ ఓవెన్లలో గాలి తగలకుండా కాల్చి కోక్‌గా మారుస్తారు. సన్నని ఇనుపఖనిజాన్ని సింటర్ ప్లాంటులో ముద్దలుగా చేస్తారు. ఇవి బ్లాస్ట్ ఫర్నేసులో చేరి, సుమారు 1500 డిగ్రీల వేడిలో ద్రవరూప ఇనుముగా వెలువడతాయి. స్టీల్ మెల్ట్ షాప్‌లో ఆక్సిజన్‌ను ఊది, ఇనుములోని అధిక కార్బన్‌ను తొలగిస్తే ఉక్కు సిద్ధిస్తుంది. రోలింగ్ మిల్లులో అది కడ్డీలుగా, తీగలుగా రూపుదాల్చుతుంది. ఇటువంటి పరిశ్రమలలో శిక్షణార్థిని మొదటి నెలల్లో ఒకే చోట కూర్చోబెట్టక, విభాగం తరువాత విభాగానికి పంపుతారు. ఒక విభాగంలో జరిగిన ఆలస్యం మరొక విభాగానికి ఎటువంటి నష్టం కలిగిస్తుందో కళ్లారా చూచినవాడే మున్ముందు సరియైన నిర్ణయాలు తీసుకోగలడు.

శిక్షణలో మొట్టమొదట నేర్పే పాఠం భద్రత. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వెలువడే వాయువులో దాదాపు నాలుగవ వంతు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాని ప్రాణం తీస్తుంది. పాఠ్యపుస్తకంలో అది ఒక రసాయన సూత్రం. కర్మాగారంలో అది పక్కన నిలబడిన మనిషి ఊపిరి. విద్యుత్ యంత్రాన్ని మరమ్మతు చేసేముందు సరఫరా నిలిపి, స్విచ్‌కు తాళం వేసి, హెచ్చరిక పలక కట్టి, వ్రాతపూర్వకమైన పర్మిట్ పొందాలన్న నియమం కొత్తవారికి వృథాశ్రమగా తోచవచ్చు. 2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారంలోని కొత్త స్టీల్ మెల్ట్ షాప్‌లో, ఆక్సిజన్ వ్యవస్థను పరీక్షిస్తుండగా విస్ఫోటం సంభవించి పలువురు ఇంజనీర్లు, కార్మికులు అసువులు బాసారు. అనుభవజ్ఞులున్న చోటనే ప్రమాదం పొంచి ఉన్నప్పుడు, తొలి ఏడాది శిక్షణార్థి ఎంత అప్రమత్తుడై ఉండాలో వేరుగా చెప్పనక్కరలేదు. తెలియని పనిని 'తెలియదు' అని చెప్పడం అక్కడ అవమానం కాదు. ఇతరుల ప్రాణాలను కాపాడే కర్తవ్యం.

రెండవ పాఠం వినయం. తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వంతో ఆరంభించాడు. వానలు కురవనప్పుడు మన పల్లెలలో చదివించే పర్వం కూడా అదే. అందులో భీముడు వంటశాలలో గరిటె పట్టాడు. నకులుడు గుర్రాలను సాకాడు. సహదేవుడు పశువులను కాచాడు. ఆ ఏడాది వారి పరాక్రమం తరగలేదు, ఓర్పు పెరిగింది. పట్టా చేతబట్టిన శిక్షణార్థికి కూడా అది అటువంటి సంవత్సరమే. ముప్పై ఏళ్లు యంత్రం దగ్గర నిలిచిన ఫిట్టరు, శబ్దం విని బేరింగ్ అరిగినదని చెప్పగలడు. అతని చదువు పదవ తరగతితో ఆగి ఉండవచ్చు. అయినా ఆ విషయంలో అతడే గురువు. ఆ శబ్దానికి కారణమేమిటో లెక్కకట్టి చూపగలిగిన నాడు శిక్షణార్థి ఆ గురువు ఋణం కొంత తీర్చుకున్నట్లే.

ఈ మార్గంలో కష్టాలు లేకపోలేదు. ఉపకారవేతనం స్వల్పం. రాత్రి షిఫ్టులు అలవాటు కావడానికి సమయం పడుతుంది. కొన్ని చోట్ల శిక్షణార్థికి పని నేర్పకుండా కాగితాలు మోయించడమో, తక్కువ జీతానికి దొరికిన కార్మికునిగా వాడుకోవడమో జరుగుతుంటుంది. అటువంటప్పుడు నిరాశ చెందక, శిక్షణ ప్రణాళికను అడిగి తెలుసుకోవాలి. రోజూ చేసిన పనినీ, చూచిన లోపాన్నీ, కలిగిన సందేహాన్నీ ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. ఏడాది చివర ఏమి నేర్చుకున్నావని అడిగినవారికి ఆ పుస్తకమే సమాధానం చెబుతుంది. ఏమీ నేర్పలేదని నిరూపించవలసి వచ్చినా అదే సాక్ష్యం.

తెలుగు మాధ్యమంలో చదివిన పల్లె విద్యార్థులను ఆంగ్లభయం వెన్నాడుతుంది. ఇంజనీరింగ్ చిత్రపటానికి మాటలు తక్కువ, గీతలు ఎక్కువ. కొలతలను సరిగా చదవగలిగినవాడు అక్కడ మూగవాడు కాడు. భాష క్రమంగా పట్టుబడుతుంది. పని పట్ల శ్రద్ధ మాత్రం మొదటి రోజునే వెంట తెచ్చుకోవలసినది. పొలంలో నీరు పారించి, మోటారు బాగుచేసి, ఎడ్లబండి చక్రం బిగించి పెరిగినవారికి ఆ శ్రద్ధ కొత్త కాదు. జూనియర్ కళాశాల ప్రయోగశాలలో ఈనాడు మీరు వ్రాసే రికార్డులో, కొలిచిన విలువను కొలిచినట్లుగానే వ్రాసి, పక్కవారి పుస్తకం చూచి దిద్దకుండా ఉండగలిగితే, ఆ శిక్షణకు మీరు ఇప్పుడే శ్రీకారం చుట్టినవారవుతారు.