మంచు ఎన్ని అంగుళాలు బ్రో?

అమెరికాలో చలికాలం వచ్చిందంటే చాలు, మంచు మీద చర్చ మొదలు. ఒక మ్యాప్‌లో 3 అంగుళాలు, ఇంకో మ్యాప్‌లో 24. రెండూ ఒకే తుఫాను గురించే! ఇంత తేడా ఎందుకొస్తుంది? మనం ఎవర్ని నమ్మాలి?

జనవరి, ఫిబ్రవరి నెలల్లో న్యూజెర్సీలోనో, బోస్టన్‌లోనో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపులు చూడండి. కొత్త బిర్యానీ హోటల్ గురించి, హెచ్1బీ గురించి నడిచే మాటలు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఎవరో ఒకరు గులాబీ, ఊదా రంగులు పులిమిన మ్యాప్ ఒకటి పెడతారు. కింద ఒకటే లైను: "ఈ వీకెండ్ 24 అంగుళాలట!" కాసేపటికి ఇండియా నుంచి అమ్మ ఫోన్. "అక్కడ మంచు తుఫానట కదా, బయటికి వెళ్లకు నాన్నా."

ఈలోపు ఇంకొకరు ఇంకో మ్యాప్ పెడతారు. అందులో 3 అంగుళాలే. ఇక చూడండి గొడవ. ఫ్లైట్ క్యాన్సిల్ చేసుకోవాలా? సోమవారం ఆఫీసుకి వెళ్లాలా? పాలు, బ్రెడ్ ఇప్పుడే కొనాలా? మొన్న ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చిన కుర్రాడికైతే ఏమీ అర్థం కాదు. తెలుగులో మంచు అంటే వాడికి తెలిసింది లంబసింగి పొగమంచు, పొద్దున్నే గడ్డి మీద మెరిసే మంచు బిందువులు. పారతో ఎత్తిపోయాల్సిన మంచు వాడెప్పుడూ చూడలేదు!

అర్ధరాత్రి దాకా మేలుకునే జాతి

మన దగ్గర తుఫాను వచ్చే ముందు 'వెదర్‌మ్యాన్' పేజీలు ఫాలో అయ్యేవాళ్లకి ఈ జాతి కొత్త కాదు. అమెరికాలోనూ వాతావరణం అంటే ప్రాణం పెట్టేవాళ్లు బోలెడంతమంది. వీళ్లలో చాలామందికి ఇది ఉద్యోగం కాదు, పిచ్చి.

చలికాలంలో న్యూయార్క్ టైమ్ ప్రకారం రాత్రి పదిన్నర ప్రాంతంలో అమెరికా వాళ్ల మోడల్ జీఎఫ్ఎస్ కొత్త లెక్కలు బయటికి రావడం మొదలవుతుంది. ఒంటిగంట ప్రాంతంలో యూరప్ వాళ్ల మోడల్ వస్తుంది. దాన్ని ముద్దుగా 'యూరో' అంటారు. మన ఎంసెట్ రిజల్ట్స్ రోజు పేజీ రిఫ్రెష్ చేసినట్టు వీళ్లు రాత్రంతా రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటారు. "యూరో పడమరకి జరిగింది!" అని ఒకరంటే, "జీఎఫ్ఎస్ ఇంకా సముద్రంలోనే ఉంచింది" అని ఇంకొకరు. మన తారక్, ప్రభాస్ ఫ్యాన్ వార్స్‌కి ఏమాత్రం తీసిపోదు.

ఒక చిక్కేంటంటే, వీళ్లలో ఎక్కువమందికి మంచు పడాలనే కోరిక. అందుకే పది మ్యాపుల్లో ఎక్కువ మంచు చూపించే మ్యాప్ మీదికే చెయ్యి పోతుంది. కోరుకున్నదాన్నే అంచనాగా చెప్పేస్తే, దానికి వీళ్ల భాషలోనే ఒక వెటకారపు పేరుంది: విష్‌కాస్టింగ్. మన గ్రూపుల్లోకి ఫార్వర్డ్ అయి వచ్చేది సాధారణంగా ఆ మ్యాపే!

ఒక డిగ్రీ, 50 మైళ్లు

ఇంత టెక్నాలజీ ఉండి ఎన్ని అంగుళాలో చెప్పలేరా అనిపిస్తుంది. నిజానికి మంచు లెక్క వాన లెక్క కన్నా చాలా కష్టం.

అమెరికా తూర్పు తీరంలో పెద్ద మంచు కురిపించేవి 'నార్ ఈస్టర్' తుఫాన్లు. అట్లాంటిక్ నుంచి తేమ, కెనడా వైపు నుంచి చలిగాలి, రెండూ కలిస్తే పండగే. ఇది తీరానికి మరీ దగ్గరగా వెళ్తే సముద్రపు వెచ్చటి గాలి లోపలికొచ్చి సిటీల్లో వాన పడుతుంది. మరీ దూరంగా వెళ్తే చేపలకి తప్ప ఎవరికీ మంచు దక్కదు. సరిగ్గా మధ్యలో వెళ్తేనే వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, బోస్టన్‌లను కలిపే ఐ-95 హైవే పొడుగునా అడుగుల్లెక్కన మంచు. తుఫాను దారి 50 మైళ్లు అటూ ఇటూ అయితే చాలు, లెక్క మొత్తం తారుమారు. 50 మైళ్లంటే ఎంత? సుమారుగా విజయవాడ నుంచి మచిలీపట్నం ఉన్నంత దూరం, అంతే.

ఇంకో మెలిక ఉంది. ఒక అంగుళం వాన నీరు మంచుగా పడితే రమారమి 10 అంగుళాల మంచు అవుతుంది. మంచు బాగా పొడిగా, తేలిగ్గా ఉంటే అదే నీరు 20 అంగుళాలు కూడా కావచ్చు. తడి మంచైతే 5 అంగుళాలే. అర అంగుళం వాన అని చెప్పి ఒక అంగుళం పడితే మనం పట్టించుకుంటామా? గొడుగు అదే, చెప్పులు అవే. అదే తప్పు మంచులో జరిగితే 5 అంగుళాలు కాస్తా 10 అవుతాయి. స్కూళ్లు మూతపడతాయి, విమానాలు ఆగిపోతాయి. తప్పు చిన్నదే, కనిపించేది మాత్రం పెద్దది.

ఇది చాలదన్నట్టు, పైన ఆకాశంలో ఎక్కడో వెచ్చటి గాలి పొర ఒకటి దూరితే మంచు మధ్యలోనే కరిగిపోతుంది. కింద మళ్లీ గడ్డకట్టి చిన్న చిన్న ఐస్ గింజల్లా రాలితే దాన్ని స్లీట్ అంటారు. నీరుగానే పడి రోడ్డుకి తగలగానే గడ్డకడితే ఫ్రీజింగ్ రెయిన్. నేల మీద మీ థర్మామీటర్ సున్నా చూపించినా, ఏం పడుతుందో తేల్చేది మాత్రం మీ కంటికి కనపడని ఆ పొరే.

మూడంకెలు కట్ చేస్తే...

సాఫ్ట్‌వేర్ వాళ్లకి నచ్చే కథ ఒకటుంది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్‌లో వాతావరణ లెక్క ఒకటి రన్ చేశారు. దాన్ని మళ్లీ మధ్య నుంచి నడిపించాలనుకుని, ప్రింటవుట్‌లో ఉన్న 0.506 అనే అంకెను టైప్ చేశారు. కంప్యూటర్ మెమరీలో ఉన్న అసలు అంకె 0.506127. కాసేపు రెండు లెక్కలూ కలిసే నడిచాయి. ఆ తర్వాత ఒకదానికొకటి సంబంధమే లేకుండా పోయాయి! కోడ్‌లో బగ్ ఏమీ లేదు. వాతావరణం స్వభావమే అంత అని తేలింది. 'బటర్‌ఫ్లై ఎఫెక్ట్' అని మనం సినిమాల్లో వినేది ఈ కథ నుంచి పుట్టిందే.

అందుకే ఇప్పుడు మోడల్‌ని ఒక్కసారి నడిపి ఊరుకోరు. మొదటి అంకెల్ని కొంచెం కొంచెం మార్చి మళ్లీ మళ్లీ నడుపుతారు. యూరో అయితే ఇలా 51 సార్లు. దీన్నే ఎన్సెంబుల్ అంటారు. ఒకే బిడ్డకి 51 మంది సిద్ధాంతులు జాతకం రాసినట్టన్నమాట. 45 మంది ఒకే మాట చెబితే ధైర్యంగా ఉండొచ్చు. 51 మందీ తలో మాట చెబితే, "ఇంకా తేలలేదు" అన్నదే అసలైన సమాధానం. గ్రూపులో తిరిగే ఊదారంగు మ్యాప్ ఒక్కోసారి ఆ 51లో ఒక్క జాతకమే! మిగతా 50 ఏమంటున్నాయో ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఎక్కువ చెప్పి... తక్కువ పడితే

2015 జనవరి 26. న్యూయార్క్ సిటీకి 20 నుంచి 30 అంగుళాల మంచు అన్నారు. యూరో మోడల్ భారీగా చూపించింది. ఆ నెలలోనే అప్‌గ్రేడ్ అయిన జీఎఫ్ఎస్ మాత్రం తక్కువే చూపించింది. గతంలో యూరోకి ఉన్న పేరు చూసి ఎక్కువమంది అటే మొగ్గారు. రాత్రి 11 గంటలకి రోడ్లు మూసేశారు. సబ్‌వే రైళ్లు కూడా ఆపేశారు. మంచు కారణంగా సబ్‌వే మొత్తం ఆపడం 110 ఏళ్ల చరిత్రలో అదే మొదటిసారి.

తెల్లారి చూస్తే సెంట్రల్ పార్క్‌లో 9.8 అంగుళాలు! జనం జోకులే జోకులు. అయితే అదే తుఫాను అక్కడికి తూర్పున సుమారు 50 మైళ్ల దూరంలోని ఐస్లిప్‌లో 24.9 అంగుళాలు కురిపించింది. బోస్టన్‌లో 24.6. తుఫాను గురించి చెప్పింది నిజమే, అంచు ఎక్కడ ఆగుతుందన్న దగ్గరే లెక్క తప్పింది. న్యూజెర్సీలోని నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు అధిపతి గ్యారీ స్జాట్‌కోవ్‌స్కీ ట్విట్టర్‌లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

రెండేళ్ల తర్వాత, 2017 మార్చి 14న, ఇంకా ఆసక్తికరమైన సంగతి. అప్పుడు కూడా న్యూయార్క్‌కి అడుగుకి మించిన మంచు అన్నారు. సెంట్రల్ పార్క్‌లో పడింది 7.6 అంగుళాలు. స్లీట్ కలిసి లెక్క చెడగొట్టింది. అంకె తగ్గే అవకాశం ముందురోజే కనిపించిందని, కానీ ఆఖరి నిమిషంలో తగ్గిస్తే జనం "ఏమీ లేదులే" అనుకుని రోడ్డెక్కుతారేమోనని పెద్దగా మార్చలేదని తర్వాత అధికారులే చెప్పారు.

ఇది తప్పా, ఒప్పా? వాతావరణ అభిమానులు దీని మీద గట్టిగానే వాదించుకున్నారు. ప్రాణాలు కాపాడటానికే కదా అని కొందరు. తెలిసింది తెలిసినట్టు చెప్పకపోతే వచ్చేసారి ఎవరు నమ్ముతారని కొందరు. నా ఓటు రెండో వాళ్లకే. సర్వర్ డౌన్ అయినప్పుడు స్టేటస్ పేజీలో పచ్చ లైటు వెలుగుతూ ఉంటే ఎలా ఉంటుందో మనకి తెలుసు కదా. ఒక్కసారి ఆ పేజీ మీద నమ్మకం పోతే, తర్వాత నిజం చెప్పినా ఎవరూ చూడరు.

తక్కువ చెప్పి... ఎక్కువ పడితే

రెండో వైపు కూడా చూడాలి. 2000 జనవరి చివర్లో నార్త్ కరోలినాలోని రాలీకి పెద్దగా మంచు ఉండదన్నారు. తీరా 20.3 అంగుళాలు పడింది. అది ఆ ఊరి రికార్డు. మోడళ్లన్నీ చేతులెత్తేసిన రోజది.

2014 జనవరి 28న అట్లాంటాలో జరిగింది ఇంకా భయంకరం. పడింది 3 అంగుళాల లోపే. తెల్లవారుజామున హెచ్చరిక స్థాయి పెంచారు, కానీ స్కూళ్లు, ఆఫీసులు మామూలుగానే తెరుచుకున్నాయి. మధ్యాహ్నం మంచు మొదలవగానే అందరూ ఒకేసారి రోడ్ల మీదికొచ్చారు. రోడ్లు ఐసయ్యాయి. వేలమంది కార్లలోనే రాత్రి గడిపారు. ఎంతోమంది పిల్లలు స్కూళ్లలోనే పడుకున్నారు. అంటే అసలు విషయం అంగుళాల్లో లేదు. బోస్టన్ 3 అంగుళాల్ని చూసి నవ్వుతుంది. అట్లాంటా ఆగిపోతుంది.

మనకీ ఈ రెండు వైపులూ తెలుసు. 2013 నవంబరులో లెహర్ తుఫాను ఆంధ్ర తీరాన్ని గట్టిగా కొడుతుందని జనాన్ని ఖాళీ చేయించారు. మచిలీపట్నం దగ్గర తీరం దాటేలోపే అది వాయుగుండంగా బలహీనపడింది. తర్వాతి ఏడాది అక్టోబర్‌లో హుద్‌హుద్ విషయంలోనూ ముందే హెచ్చరించారు. లెహర్ గుర్తు పెట్టుకుని "ఇదీ అంతేలే" అనుకున్నవాళ్లకి విశాఖలో ఏమైందో చెప్పక్కర్లేదు.

అయితే మనం ఏం చూడాలి?

అమెరికాలో ఉన్నా, అక్కడున్న తమ్ముడికో అక్కకో చెప్పాలన్నా, ఈ నాలుగైదు గుర్తుంచుకోండి.

* ఎన్ని రోజుల ముందు? వారం ముందు అంగుళాలు చెప్పే మ్యాప్‌ని సరదాగా చూసి వదిలేయండి. తుఫాను రావచ్చా, రాకపోవచ్చా అన్నది మాత్రం తీసుకోండి. చివరి రెండు రోజుల్లో అంకెలకి విలువ పెరుగుతుంది.

* అంకె కాదు, రేంజ్ చూడండి. నేషనల్ వెదర్ సర్వీస్ మూడు అంకెలిస్తుంది: ఎక్కువగా అవకాశమున్నది, తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ. చివరి రెండూ పదింట ఒక వంతు అవకాశం ఉన్నవి. 2 నుంచి 14 అంటే ఇంకా తేలలేదని. 6 నుంచి 9 అంటే గట్టిగానే చెబుతున్నారని.

* వాచ్ వేరు, వార్నింగ్ వేరు. వాచ్ అంటే అవకాశం ఉంది, సిద్ధంగా ఉండండి అని. వార్నింగ్ అంటే దాదాపు ఖాయం, లేదా మొదలైపోయింది అని.

* తప్పితే ఎవరికి నష్టం? ఇంట్లో నుంచి పనిచేసేవాళ్లకి అంచనా తప్పినా పోయేదేం లేదు. రాత్రి షిఫ్ట్ ముగించుకుని డ్రైవ్ చేసుకుంటూ రావాల్సినవాళ్లు ఎక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. ఫ్లైట్ ఉన్నవాళ్లు ఎయిర్‌లైన్ ఉచితంగా తేదీ మార్చుకోనిస్తుందేమో ముందే చూసుకోవాలి.

* కారులో ఇరుక్కుంటే ఇంజిన్ ఆన్ చేసే ముందు వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. దానికి వాసన కూడా ఉండదు. కారులో ఒక దుప్పటి, చిన్న పార, ఛార్జర్ ఎప్పుడూ ఉంచండి.

ఇక గ్రూపులో మళ్లీ ఊదారంగు మ్యాప్ వస్తే, "ఎన్ని అంగుళాలు బ్రో?" అని అడగకండి. "ఇది ఏ మోడల్? ఎన్ని రోజుల ముందుది? మిగతా 50 ఏమంటున్నాయి?" అని అడగండి. జవాబు రాకపోతే ఫార్వర్డ్ బటన్ జోలికి పోకండి. అమ్మకి ఫోన్ చేసి మాత్రం ఒక మాట చెప్పండి: "ఇంకా తేలలేదమ్మా. తేలాక నేనే చేస్తా. పాలు మాత్రం తెచ్చిపెట్టుకున్నా."