మోటారు సైకిలు క్లచ్చి - గేరు మొరాయించుటకు కారణములు

మోటారు సైకిలు గేరు మార్చునపుడు ఖణేలుమని చప్పుడు వచ్చినను, న్యూట్రలు దొరకకున్నను, గేరుబాక్సు చెడినదని తలచుట సామాన్యము. కాని పెక్కుమారులు లోపము క్లచ్చియందే యుండును. ద్రవముతో పనిచేయు క్లచ్చి యెట్టిదో, దాని నెట్లు కాపాడవలయునో, లోపము నేక్రమమున కనిపెట్టవలయునో యీ వ్యాసమున వివరింపదలచితిమి.

క్లచ్చిలో రాపిడి పలకలును ఉక్కు పలకలును ఒకదాని ప్రక్క నొకటిగా నమర్పబడి యుండును. స్ప్రింగులు వానిని గట్టిగా నదిమి పట్టుటచే ఇంజను బలము గేర్లకు చేరును. చేతిమీటను పట్టినపుడు పలకలు విడిపోవును. ఇంజను తిరుగుచున్నను బలము గేర్లకు చేరదు. గేరు మార్చవలసినది అప్పుడే.

చిన్న బండ్లలో పెక్కింటికి మీటనుండి క్లచ్చివరకు ఉక్కు తీగ యుండును. 1999లో వెలువడిన సుజుకి హయబూసా వంటి కొన్ని పెద్ద బండ్లలో తీగకు మారుగా ద్రవముతో నిండిన గొట్టముండును. మూసిన పాత్రలోని ద్రవము నొత్తినచో ఆ యొత్తిడి యన్ని దిక్కులకు సమానముగా వ్యాపించునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు బ్లేజ్ పాస్కల్ (1623-1662) తెలిపెను. విద్యార్థులు తరగతిలో చదువు నా సూత్రమే యిచ్చట పనిచేయుచున్నది. హ్యాండిలు వద్దనున్న మాస్టరు సిలిండరులోని పిస్టను ద్రవమును నెట్టును. ఇంజను వద్దనున్న స్లేవు సిలిండరులోని పిస్టను దానిచే కదలి పలకలను విడదీయును. క్రింది పిస్టను వైశాల్యము రెండింతలైనచో బలము రెండింతలగును, కదలిక సగమగును.

ఒత్తిడికి ద్రవము కుదించుకొనదు, గాలి కుదించుకొనును. గొట్టములో గాలి చేరెనేని మీట కదలికలో కొంత దానిని కుదించుటకే వ్యయమగును. పలకలు పూర్తిగా విడిపోవు. అప్పుడు గేర్ల పండ్లు కొట్టుకొని చప్పుడగును. కాలితో బలవంతముగా త్రొక్కుచు పోయినచో పండ్ల యంచు లరిగి, ద్రవము మార్చుటతో తీరవలసిన పని ఇంజను విప్పించువరకు వచ్చును. అంతకంటె ముఖ్యముగా, మీట పట్టి కూడలిలో నిలిపిన బండి తనంతట ముందుకు సాగిన యెడల ప్రాణాపాయము.

ద్రవము రెండు విధములు: డాట్ 4 అను బ్రేకు ఆయిలు, ఖనిజ తైలము. ఏది పోయవలయునో తొట్టి మూతమీదను యజమాని పుస్తకమునందును వ్రాసియుండును. ఒకదానికి మారుగా వేరొకటి పోసినచో రబ్బరు సీళ్లు చెడిపోవును. డాట్ 4 గాలిలోని తేమను పీల్చుకొనును. ప్రమాణముల ప్రకారము క్రొత్త ద్రవము 230 డిగ్రీల సెంటిగ్రేడునకు లోపల మరుగరాదు; తేమ చేరిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. కావున పుస్తకములు సాధారణముగా రెండేండ్ల కొకమారు మార్చుమని చెప్పును. ఈ ద్రవము రంగును తినివేయును. ఒలికినచో వెంటనే నీటితో కడుగవలెను, కంట పడనీయరాదు.

ఇంకొక విశేషము. బ్రేకు దిమ్మలు అరిగినకొలది బ్రేకు తొట్టిలో మట్టము తగ్గును. క్లచ్చి పలకలు అరిగినకొలది క్లచ్చి తొట్టిలో మట్టము పెరుగును. కావున దీనిని అంచువరకు నింపరాదు. ద్రవము వెనుకకు వచ్చుటకు చోటు లేనిచో క్లచ్చి జారును.

పరీక్షింపవలసిన క్రమమిది.

ఒకటి: మీటను వడిగా నాలుగైదుమారులు పట్టి విడువుడు. అంతట గేరు సులభముగా పడినచో గాలి చేరినదనియో, ద్రవము తగ్గినదనియో యెంచవలెను.

రెండు: ఇంజను ఆపి, గేరులో నుంచి, మీట పట్టి బండిని నెట్టుడు. మొదట కదలి, మీట విడువకున్నను నిమిషములోపల బిగిసిపోయినచో, సీలు లోపల కారుచున్నదని సందేహింపవలెను.

మూడు: స్లేవు సిలిండరు చుట్టును, గొట్టము చివరలను తడి యున్నదేమో చూడుడు.

నాలుగు: ఇవి సరిగా నున్నచో ఇంజను ఆయిలును గమనింపుడు. తగినదానికంటె చిక్కనైన ఆయిలు పలకలను విడిపోనీయదు. పలకలు వంకరపోయినను ఇదే ఫలము. చల్లని యుదయమున మొదటి గేరుకు కొంచెము చప్పుడగుట మాత్రము సహజము.

ఐదు: క్లచ్చి చక్కగా విడిపోవుచున్నను గేరు మొరాయించినచో కాలిమీట కీళ్లను, గొలుసు వదులును చూచి, పిమ్మటనే గేరుబాక్సును అనుమానింపవలెను.

గాలి తీయుటకు ఇరువురుండుట మేలు. తొట్టిలో ద్రవము నింపి, స్లేవు సిలిండరు నిప్పిలుకు పారదర్శకమైన గొట్టము తగిలించి, దాని కొనను ద్రవమున్న సీసాలో ముంచవలెను. ఒకరు మీటను మెల్లగా పట్టి యుంచగా, రెండవవారు పానాతో నిప్పిలును కొంచెము వదలించి మరల బిగింపవలెను. బిగించిన పిదపనే మీట విడువవలెను. ముందు విడిచినచో గాలి మరల లోపల దూరును. బుడగలు రాకుండువరకు ఇట్లు చేయవలెను. ఈలోగా తొట్టి యెండిపోరాదు.

పదునెనిమిదేండ్లు నిండని బాలురు గేర్ల బండి నడుపుట చట్టవిరుద్ధము. కాని తండ్రియో అన్నయో బండి బాగుచేయునపుడు ప్రక్కన గూర్చుండి బుడగలను కనిపెట్టుట కే చట్టమును అడ్డుపడదు. పాస్కల్ సూత్రమును కన్నులార చూచుట కదియే తగిన సమయమని మనవి చేయుచున్నాము.