ఓటీపీ చెప్పకపోతే చాలా?

ఓటీపీ ఎవరికీ చెప్పను, అడ్డమైన లింకులు నొక్కను, ఇక నా ఖాతాకు ఢోకా లేదు అన్న ధీమా చాలామందిలో ఉంది. బ్యాంకులూ పోలీసులూ ఏళ్ల తరబడి చేసిన ప్రచార ఫలితమది. ఆ ప్రచారంలో తప్పు లేదు. అయితే దాని వెంట ఒక అపోహ కూడా పాతుకుపోయింది: మన సమాచారం మన నోటి నుంచో మన ఫోన్ నుంచో తప్ప బయటికి పోదని. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజుల నకళ్లు దించుకుని, వాటి మీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు తీసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసినట్టు పోలీసులు తేల్చారు. 2022లో సైబరాబాద్ పోలీసులకు చిక్కిన ముఠా ఆంధ్రప్రదేశ్ దస్తావేజులతో అదే పని చేసి, ఈసారి ఏకంగా బ్యాంకు ఖాతాల్లోంచే డబ్బు లాగింది. ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. కార్డు, పిన్, ఓటీపీ అడగరు. దగ్గర్లో బ్యాంకు లేని పల్లెల్లో కిరాణా కొట్టు దగ్గరే డబ్బు తీసుకునేందుకు పెట్టిన మంచి సదుపాయమే అది. మోసపోయినవాళ్లు ఎవరికీ ఏమీ చెప్పలేదు. వాళ్లు చేసిందల్లా ఎప్పుడో ఒక స్థలమో పొలమో రిజిస్టర్ చేయించుకోవడం.

ఆ లోపాన్ని పూడ్చారు కదా అనవచ్చు. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, పెట్టింది బతికున్న వేలేనా కాదా అని పసిగట్టే కొత్త పరీక్షను ప్రకటించిన మాట నిజమే. పెద్దపల్లి ఉదంతం బయటపడ్డ దాదాపు ఐదేళ్లకు! ఒక లోపం పోయినా దాని వెనకున్న సూత్రం పోలేదు. దస్తావేజు మీది పేరు, నంబరు, ముద్ర వేటికవి రహస్యాలేమీ కావు. మూడూ ఒకచోట చేరాకే తాళంచెవి అయ్యాయి. “నా దగ్గర దాచుకోవడానికి ఏముంది” అన్న మాట బోల్తా కొట్టేది ఇక్కడే. ఆ మాట అనేవాళ్లు రహస్యాల గురించి ఆలోచిస్తారు, సమాచారం పోగేసేవాళ్లకు కావలసింది ముక్కలు. అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో వేసిన అంచనా ప్రకారం పుట్టిన తేదీ, ఆడో మగో, పిన్‌కోడ్ వంటి జిప్ కోడ్, ఈ మూడూ కలిస్తే ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చు. 2006లో మరో పరిశోధకుడు తిరిగి లెక్కగట్టి 63 శాతమన్నాడు. తక్కువ అంకెనే నమ్ముదాం: పేరు తీసేసిన జాబితాలోనూ సగానికి పైగా జనం దొరికిపోతారన్నమాట. అంతకుముందే ఆమె, పేర్లు తొలగించి ఇచ్చిన ఆరోగ్య రికార్డులను ఓటర్ల జాబితాతో పోల్చి, మసాచుసెట్స్ గవర్నరు రికార్డునే బయటికి తీసింది. “పేరు లేకుండా వాడుకుంటాం” అని కంపెనీలు ఇచ్చే హామీని ఆ మేరకే నమ్మాలి.

నేనేమీ అనుమతి ఇవ్వలేదన్న భరోసా కూడా అంతంతమాత్రమే. ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ ఖాతాల సమాచారం పోగేసిన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో, 2018లో ఫేస్‌బుక్కే చెప్పిన లెక్క ప్రకారం, ఆ క్విజ్ యాప్‌ను మన దేశంలో ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు 335 మంది. సమాచారం పోయి ఉండే అవకాశం ఉన్నవాళ్లు 5.62 లక్షల మంది. మిగిలినవాళ్ల తప్పల్లా ఆ యాప్ పెట్టుకున్నవాళ్లకు స్నేహితులు కావడమే. బావమరిది తన ఫోన్‌లోని కాంటాక్టులన్నీ ఏదో యాప్‌కు అప్పగిస్తే అందులో మన నంబరూ, ఆయన మనకు పెట్టుకున్న పేరూ వెళ్తాయి. వాట్సాప్ సందేశాలకు తాళం ఉన్నా ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నామన్న వివరాలకు అదే తాళం లేదు. ఇక ఇన్‌కాగ్నిటో సంగతి: అది ఇంట్లోవాళ్ల కంటపడకుండా కాపాడుతుంది తప్ప, మనం తెరిచిన వెబ్‌సైటు నుంచీ, నెట్ ఇచ్చే కంపెనీ నుంచీ కాదు.

చట్టం వచ్చింది కదా అన్నది మరో ఊరట. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. జాగ్రత్త తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కాస్త లోపలికి వెళ్లి చదివితే మాత్రం ఉత్సాహం తగ్గుతుంది. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది, నష్టపోయినవాళ్ల చేతికి కాదు. పైగా చట్టరీత్యా బయటపెట్టాల్సిన బాధ్యత ఉండి బయటపెట్టిన సమాచారానికి, మనంతట మనం బహిరంగం చేసుకున్నదానికి ఈ చట్టమే వర్తించదు. మన కథ మొదలైంది సరిగ్గా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని దస్తావేజులతోనే కాబట్టి ఈ మినహాయింపు చిన్నదేమీ కాదు.

అన్నీ ఇప్పటికే బయటికి పోయాయి, ఇప్పుడు జాగ్రత్తపడి ఏం లాభం అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికన్నా బలమైనది కూడా. పోయినదాన్ని వెనక్కి తేలేం. అయితే ఫోన్ నంబర్లు, చిరునామాలు, ఉద్యోగాలు మారుతుంటాయి. తాజా ముక్క దొరక్కపోతే పాత జాబితా విలువ పడిపోతుంది. బిల్లు వేయాలంటే మొబైల్ నంబరు చెప్పాల్సిందేనని పట్టుబట్టకూడదని దుకాణాలకు 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సూచించింది కాబట్టి, అక్కడ చెప్పనని అనేందుకు అండ ఉంది. ఆధార్ జిరాక్స్ అడిగినచోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. వేలిముద్రను మార్చుకోలేం, కానీ దానికీ తాళం ఉంది: ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్‌ను లాక్ చేస్తే, ముద్ర ఎవరి దగ్గరున్నా పనిచేయదు, అవసరమైనప్పుడు మనమే తెరుచుకోవచ్చు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు ఇది ఐదు నిమిషాల పని. కానీ నెలనెలా వేలు పెట్టి రేషన్, పింఛను తీసుకునే ముసలివాళ్లను ప్రతిసారీ తాళం తీసి వేసుకోమనలేం. వాళ్ల దాకా వచ్చేసరికి జాగ్రత్తల జాబితా ఎందుకూ కొరగాదు. నకలును వెబ్‌సైట్‌లో పెట్టే ముందే దాని మీది ముద్రనూ ఆధార్ నంబరునూ చెరిపేయాల్సింది ఆ నకలు పెట్టే కార్యాలయమే.