పచ్చిగా ఉంటే పన్ను లేదు!

పచ్చి పసుపుకు జీఎస్టీ లేదు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన కొమ్ముకు 5 శాతం. నలుగురికి కూలి దొరికే పని మొదలైన చోటే పన్నూ మొదలన్నమాట! కట్టేది వ్యాపారే. కానీ, రైతుకు ధర చెప్పేటప్పుడు దాన్ని మర్చిపోతాడా?

ఆర్మూరు రైతులు మాత్రం పన్ను తగ్గించమనలేదు. క్వింటాలుకు 15 వేల రూపాయలు కావాలంటూ 2019 ఫిబ్రవరిలో రోడ్డెక్కారు. ఏప్రిల్‌లో 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ లోక్‌సభ బరిలో దిగారు. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. బోర్డు 2025 జనవరిలో మొదలైంది, నిజామాబాద్ కేంద్రంగా. 2030కి వంద కోట్ల డాలర్ల ఎగుమతులు లక్ష్యమట! కేంద్రం మద్దతు ధర ఇచ్చే పంటల్లో పసుపు లేదు. ఇక పొడి పట్టే మిల్లులు ఆర్మూరుకొస్తాయా, సాంగ్లీకే పోతాయా? కుర్రాళ్లు అడుగుతున్న ఉద్యోగాలు వాటిలోనే ఉన్నాయి.