గాజుబుడ్డిలో మెరుపు లేఖిని : కంప్యూటర్ తెర కథ

జీగ్ నదీతీరాన, కొండల నడుమ నెలకొన్న జీగెన్ పట్టణం రెండు విధాల బొమ్మలతో ముడిపడి ఉన్నది. చిత్రకారుడు రూబెన్స్ 1577లో జన్మించినది ఇక్కడే. ఊరి పైకోటలోని ప్రదర్శనశాలలో ఆయన చిత్రాలు ఉన్నవి. 1986 నుండి 2000 వరకు ఇక్కడి విశ్వవిద్యాలయంలో తెరమీది మాధ్యమాలను గురించి, ముఖ్యంగా జర్మన్ టెలివిజన్‌ను గురించి, విస్తృతమైన పరిశోధన సాగింది. పండితులు తెర ముందు కనిపించిన దానిని పరిశీలించారు. ఆ తెర వెనుక జరిగే వ్యవహారం మరొక కథ.

ఆ కాలంలో తెర అంటే బరువైన గాజు గొట్టమే. హైదరాబాదులో 1967లో ఆరంభమైన ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన ఇ.సి. టీవీలో ఉన్నదీ, జీగెన్ విద్యార్థి బల్లమీది కంప్యూటర్‌లో ఉన్నదీ ఆ జాతి గొట్టమే. తెలుగు ఇళ్లలో దానిని పిక్చర్ ట్యూబ్ అన్నారు; శాస్త్ర పరిభాషలో అది కేథోడ్ కిరణ నాళం. పలుచని తెరలు వచ్చిన తరువాత అది అటకమీదికో, నేలమాళిగలోనికో చేరింది. దానిని వదిలించుకొనే ముందు దాని లోపలి సంగతి తెలుసుకోవడం అవసరం. దాని వెలుగుకూ దాని ప్రమాదానికీ మూలం ఒక్కటే.

బ్రౌన్ గొట్టం

జర్మన్ భాషలో దీనికి ‘బ్రౌన్ గొట్టం’ అని పేరు. ఫుల్డాలో జన్మించిన కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో, అప్పుడు జర్మనీలో భాగమైన స్ట్రాస్‌బుర్గ్‌లో, దీనిని నిర్మించాడు. విద్యుత్ ప్రవాహపు హెచ్చుతగ్గులను కంటితో చూడడమే ఆయన ఉద్దేశం. ఋణ విద్యుదావేశం గల సూక్ష్మకణాల ధారయే ఈ కిరణమని ఇంగ్లండులో జె.జె. థామ్సన్ నిరూపించినదీ ఆ సంవత్సరమే. బ్రౌన్‌కు 1909లో నోబెల్ బహుమతి లభించింది. కాని అది ఈ గొట్టానికి కాదు. తంతిలేని వార్తాప్రసారంలో చేసిన కృషికి, మార్కోనీతో కలిపి ఇచ్చినది.

కిరణం ఎలా పుడుతుంది?

గొట్టపు సన్నని మెడలో ఒక చిన్న లోహపు ముక్క ఉంటుంది. అదే కేథోడ్. దాని వెనుక ఉన్న తీగ దానిని ఎర్రగా కాలుస్తుంది. మరిగే నీటినుండి ఆవిరి లేచినట్లు వేడెక్కిన కేథోడ్ నుండి ఎలక్ట్రానులు వెలువడతాయి. తెరవైపున సుమారు 25,000 వోల్టుల ధన విద్యుత్తు వాటిని ఆకర్షిస్తుంది. తెరను తాకేసరికి వాటి వేగం సెకనుకు దాదాపు 90,000 కిలోమీటర్లు, అనగా కాంతివేగంలో సుమారు మూడు పదుల శాతం. దారిలో గాలి అణువులు అడ్డురాకుండా గొట్టంలోని గాలినంతా ముందే తీసివేస్తారు.

తెర లోపలిభాగాన ఫాస్ఫర్ అనే పదార్థపు పూత ఉంటుంది. పేరులో పోలిక ఉన్నా ఇది భాస్వరం కాదు. ఎలక్ట్రాను తాకినచోట క్షణకాలం వెలిగే లవణ జాతి. మెడ చుట్టూ బిగించిన రాగి తీగచుట్టలు అయస్కాంత క్షేత్రంతో కిరణాన్ని అటూ ఇటూ వంచుతాయి. పలకమీద పిల్లవాడు వరుస తరువాత వరుస వ్రాసినట్లు, కిరణం ఎడమనుండి కుడికి ఒక గీత గీసి, ఆరిపోయి వెనుకకు వచ్చి, దాని క్రింద మరొక గీత గీస్తుంది. 1024 చుక్కల వెడల్పు, 768 గీతల ఎత్తు గల తెరను సెకనుకు 75 సార్లు నింపాలంటే కిరణం సెకనుకు 60,000 గీతలు గీయాలి.

ఏ క్షణాన చూచినా తెరమీద పూర్తి వెలుగుతో ఉన్నది ఒక్క చుక్కయే. దీపావళినాడు కాకరపువ్వొత్తిని గిరగిర త్రిప్పితే నిప్పుల వలయం కనిపిస్తుంది కదా! పూర్వులు దానినే అలాతచక్రం అన్నారు. కంటిలో నిలిచే ఆ ముద్రయే చుక్కను బొమ్మగా చేస్తుంది. సెకనుకు 60 సార్లే నింపిన తెర కొందరికి మిణుకుమిణుకుమని తలనొప్పి తెచ్చినది అందువల్లనే.

మూడు రంగుల ముగ్గు

రంగుల గొట్టంలో కిరణాలు మూడు. తెర వెనుక వేలకొలది రంధ్రాలు గల పలుచని లోహపు జల్లెడ ఉంటుంది. మూడు కిరణాలు మూడు కోణాలలో ఒకే రంధ్రంలోనుండి దూరి, ఒకటి ఎరుపు చుక్కను, ఒకటి ఆకుపచ్చను, ఒకటి నీలాన్ని తాకుతాయి. ఎలక్ట్రానులలో అధికభాగం ఆ జల్లెడకే తగిలి వేడిగా మారిపోతుంది. రూబెన్స్ రంగులను పలకమీద కలిపాడు. ఇక్కడ కలిపేది చూచేవారి కన్ను. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు ప్రక్కప్రక్కన వెలిగితే పసుపు కనిపిస్తుంది.

తెలుగు లిపికి ఈ చుక్కల లెక్క ముఖ్యమైనది. తొలి కంప్యూటర్లలో అక్షరానికి దొరికినది కొద్ది చుక్కల ఎత్తే. ఇంగ్లీషుకు అది చాలును. పైన గుడి, క్రింద ఒత్తు ఉన్న తెలుగు అక్షరం అందులో ఇమడడం కష్టం. చుక్కలు పెరిగిన కొలది తెలుగు అక్షరపు గుండ్రదనం తెరమీద నిలిచింది.

రక్షించిన సీసమే

అతివేగంగా వచ్చిన ఎలక్ట్రాను హఠాత్తుగా ఆగితే కొంత ఎక్స్-కిరణం పుడుతుంది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నదీ ఇటువంటి గొట్టంతోనే. “తెరకు దగ్గరగా కూర్చోకు” అని పిల్లలను మందలించిన పెద్దల భయం అకారణం కాదు. అయితే దానికి జవాబు గాజులోనే ఉన్నది. గరాటు ఆకారపు వెనుకభాగపు గాజులో సుమారు అయిదవ వంతు సీసపు ఆక్సైడు. ముందుభాగంలో బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడులు. ఇవి ఎక్స్-కిరణాన్ని పీల్చుకొంటాయి. జర్మనీలో అమ్మిన మానిటర్ల వెనుక, లోపల పుట్టే ఎక్స్-కిరణాలకు తగినంత కవచం ఉన్నదని తెలిపే చీటీ అతికించేవారు.

పనిచేసినంత కాలం కాపాడిన ఆ సీసమే, గొట్టం పగిలి మట్టిలో కలిస్తే విషం; పసిపిల్లల మెదడుకు మరింత హాని. పగలగొట్టడమూ ప్రమాదమే. లోపల శూన్యం కనుక 17 అంగుళాల తెరమీద బయటిగాలి ఒత్తిడి ఏడెనిమిది వందల కిలోల బరువుకు సమానం. పగిలితే పెంకులు ఎగజిమ్ముతాయి. తీగ ఊడదీసిన తరువాత కూడా గొట్టం చాలాసేపు విద్యుత్తును దాచుకొని ఉంటుంది. కనుక ఉత్సాహంతోనైనా పిల్లలు దాని పెట్టెను విప్పరాదు.

జర్మనీలో 2005 నాటి చట్టం ప్రకారం, 2006 మార్చి నుండి, ఇళ్లలోని పాత విద్యుత్ పరికరాలను పురపాలక సేకరణ కేంద్రాలు రుసుము లేకుండా తీసుకొంటున్నవి. భారతదేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు 2011లో వెలువడి 2012లో అమలులోకి వచ్చాయి. నేలమాళిగలోని పాత మానిటర్‌ను చెత్తకుండీ ప్రక్కన వదలక, పగలకుండా సేకరణ కేంద్రానికి చేర్చడమే దానికి తగిన వీడ్కోలు. ఇచ్చివేసే ముందు దాని మెడను, తెరను పిల్లలకు బయటినుండియే చూపి, ఈ కథ చెప్పవచ్చును.