కారు ముక్కు చితికితే...

సంక్రాంతి సెలవులైపోయాయి. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. ముందున్న వ్యాను ఠక్కున ఆగింది. వెనకున్న ఆరేళ్ల కారుకి బ్రేకు పడేలోపే ధన్‌మని చప్పుడు! అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ బంపర్ విరిగి వేలాడుతోంది. బానెట్ మధ్యలో పైకి లేచి గుడిసె కప్పులా నిలబడింది. కింద ఆకుపచ్చటి కూలెంట్ ధార కడుతోంది.

అసలు పంచాయితీ మర్నాడు షెడ్డు దగ్గర మొదలవుతుంది. 'టింకరింగ్ చేయిస్తే సరిపోతుంది బావా' అంటాడు బావమరిది. 'పిల్లలు తిరిగే బండి, అన్నీ కొత్తవే వేయించండి' అంటుంది ఇల్లాలు. 'దీన్ని వదిలించుకుని వేరేది చూసుకోరా' అన్నది తండ్రిగారి సలహా. ఇలాంటి సందర్భాల్లో ముగ్గురి మాటలోనూ ఎంతోకొంత నిజం ఉంటుంది. ఎవరిది ఎంత నిజమో తేలాలంటే బంపర్ ఊడదీసి లోపల చూడాలి. అంతకన్నా ముందు బీమా కంపెనీకి కబురు చెప్పాలి. సర్వేయర్ చూడకముందే విప్పేస్తే తర్వాత పేచీలు తప్పవు.

'అదే పాత అంబాసిడర్ అయితే గీత కూడా పడేది కాదు' అనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. నిజానికి ఇప్పటి కారు ముక్కు చితకడం కోసమే తయారైంది. బేలా బరేనీ అనే మెర్సిడెస్ ఇంజినీరు ఆలోచన ఇది. 1959లో ఆ కంపెనీ కార్లలో అమల్లోకి వచ్చింది. ముందు భాగం మడతలు పడుతూ గుద్దుడు శక్తిని మింగేస్తుంది. లోపల కూర్చున్నవాళ్లకు ఆ దెబ్బ తగ్గుతుంది. మరి ఒకసారి మడత పడ్డ రేకు రెండోసారి అంతే పని చేస్తుందా? చిక్కంతా ఇక్కడే ఉంది.

బంపర్ వెనక, ఇంజిన్‌కి రెండు పక్కలా పొడవాటి ఉక్కు దూలాలుంటాయి. షెడ్డు భాషలో లాంగ్ మెంబర్లు. అవి కాస్త వంగితే యంత్రంతో లాగి, కొలతలు చూసి సరిచేయొచ్చు. మడత పడినా, చీలినా ఆ ముక్క కోసి కొత్తది వేయాల్సిందే. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టే పాత పద్ధతి ఇప్పటి గట్టి ఉక్కుకి పనికిరాదు. వేడికి దాని బలం తగ్గిపోతుంది. పైన పుట్టీ పెట్టి రంగు వేస్తే ఏమీ తెలియదు. తెలిసేది మళ్లీ గుద్దుకున్నప్పుడే!

పైపై భాగాలతో ఇంత బెంగ లేదు. బానెట్‌కి సొట్ట పడితే విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన టింకర్ చక్కగా తీసేస్తాడు. లోపలి ఫ్రేము నలిగితే మాత్రం కొత్తదే నయం. హెడ్‌లైట్ బాగుండి బిగించే చెవులే విరిగితే వాటిని అతికించొచ్చు. రేడియేటర్, ఏసీ కండెన్సర్ కారుతుంటే బేరాలొద్దు. ఎయిర్‌బ్యాగ్ ఒక్కసారి తెరుచుకుందంటే కొత్తది వేయాల్సిందే. సెన్సర్లు, కంట్రోల్ యూనిట్, సీటుబెల్టులు కూడా చూపించాలి. సెకండ్‌హ్యాండ్ ఎయిర్‌బ్యాగ్ మాట అసలు వినకూడదు.

ఇక డబ్బు సంగతి. ఆ కారుకి బిల్లు 1,26,000 రూపాయలు అయిందనుకుందాం. అందులో లోహపు భాగాలు 50,000, ప్లాస్టిక్ 30,000, రంగు 16,000, కూలీ 30,000. మామూలు పాలసీలో ఐదు దాటి పదేళ్లలోపు కారుకి లోహపు భాగాల మీద 40 శాతం, ప్లాస్టిక్ మీద 50 శాతం తరుగు తీస్తారు. రంగు బిల్లులో నాలుగో వంతును సామగ్రి కింద లెక్కేసి అందులో సగం కోస్తారు. 1500 సీసీలోపు కారుకి తప్పనిసరి కోత మరో వెయ్యి. వెరసి ఇంటాయన జేబులోంచి 38,000 పోతాయి. జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే తరుగు బాధ చాలావరకు తప్పుతుంది. ఇంకోటి, క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేనివారికి అది సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం. ఉత్త బంపర్ గీతలకు క్లెయిమ్ పెట్టేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

తండ్రిగారి మాట నెగ్గేదెప్పుడు? మరమ్మతు ఖర్చు పాలసీలో రాసిన కారు విలువలో (ఐడీవీ) 75 శాతం దాటితే కంపెనీయే దాన్ని టోటల్ లాస్ అంటుంది. రెండున్నర లక్షల కారుకి ఆ గీత 1,87,500. విప్పిన తర్వాత లాంగ్ మెంబర్లు పోయాయని తేలితే అంచనా అక్కడిదాకా ఎగబాకడం వింతేమీ కాదు. అప్పుడు తుక్కు కొనేవాడికి బండి అప్పగించి ఊరుకుంటే చాలదు. ఆర్‌సీ బదిలీ కావాలి, లేదా రద్దు కావాలి. రికార్డుల్లో పేరున్నవాడే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత అతనిదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అమ్మేసిన కారు మరెవరి చేతిలోనో ఎవరినో గుద్దితే నోటీసు పాత ఇంటికే వస్తుంది.

బాగు చేయించాలనే నిర్ణయించుకుంటే రంగు వేయకముందు ఓసారి షెడ్డుకి వెళ్లాలి. కొలతల కాగితం అడగాలి. అతుకులు కంటితో చూడాలి. బానెట్‌కీ ఫెండర్లకీ మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉందో లేదో వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. 'అన్నీ బిగించేశాక సాయంత్రం రండి సార్' అని షెడ్డువాళ్లు అంటే పొద్దున్నే వెళ్లడం మేలు.