ఇన్‌ఫ్లూయెంజా జ్వరము – పసివారి మెదడు

1918లో బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లూయెంజా రైలుదారుల వెంట వ్యాపించి, దేశమున కోటికి పైగా ప్రాణములను బలిగొన్నది. మన బంగారుపేటయు రైలు కూడలియే. బిడ్డకు ఈ జ్వరము సోకినపుడు రొమ్మును గూర్చి చింతింతుము గాని మెదడును తలపము.

ఈ వైరసు మెదడున జొచ్చుట అరుదు. దానితో పోరుటకై దేహము పుట్టించు రసాయనములే మితిమీరి, మెదడులోని కాపరి కణములను రెచ్చగొట్టి, ఒక్కొక్కప్పుడు వాపు కలిగించును. ఎదుగుచున్న మెదడునకు అది మిక్కిలి చేటు. జ్వరములో బిడ్డకు మూర్ఛ వచ్చినను, లేపినను లేవక మగతగా నున్నను, పొంతన లేక మాటలాడినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇంటనున్న ఆస్పిరిన్ బిళ్ళను మాత్రము ఈయకుడు. 1963లో ఆస్ట్రేలియా వైద్యుడు రే వర్ణించిన, మెదడును కాలేయమును చెరచు వ్యాధికి అది దారితీయునని తరువాత తేలినది. ఆరు మాసములు నిండని శిశువునకు ఈ టీకా వేయరు. గర్భిణి వేయించుకొన్నచో ఆ రక్ష కొంత బిడ్డకును సంక్రమించును.